గొంతులో పైపు వేస్తారని నాకెవరూ చెప్పలేదు

మహబూబ్‌నగర్ నుంచి ఒక టీచరమ్మ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, చిరునామా వేయవద్దని కోరారు. వయసు 46 ఏళ్లు. ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులకు చదువు చెబుతారు. పుట్టిల్లు నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక పల్లె. నాలుగేళ్ల కిందట గాల్‌బ్లాడర్‌లో రాళ్లకు పూర్తి మత్తు ఇచ్చి ఆపరేషన్ చేశారు. కడుపు మీది గాట్లు తొందరగానే మానిపోయాయి. మెలకువ వచ్చిన క్షణం నుంచి గొంతు మాత్రం తుమ్మముళ్లతో గీరినట్టు మండింది. ఉమ్మి మింగాలన్నా కళ్లలో నీళ్లు తిరిగేవట. నాలుగు రోజులకు నొప్పి తగ్గింది కానీ బొంగురు మూడు వారాలు పోలేదు. బడిలో పద్యం నోటితో చెప్పలేక బోర్డు మీద రాసి చూపించారు. "మా వాడలో ఇరవై ఏళ్లుగా బతుకమ్మ పాట ఎత్తేది నేనే. ఆ ఏడు మా ఆడబిడ్డ ఎత్తింది. నేను చప్పట్లు మాత్రం కొట్టాను" అని రాశారు.

ఇప్పుడు గర్భసంచిలో గడ్డలున్నాయి. నెలనెలా రక్తం పోయి హిమోగ్లోబిన్ 8.5కు పడిపోయింది. ఇద్దరు డాక్టర్లు చూసి గర్భసంచి తీసేయడమే మేలన్నారు. మూడు వారాల్లో లాప్రోస్కోపీ పద్ధతిలో, అంటే చిన్న గాట్ల గుండా కెమెరాతో, ఆపరేషన్ చేస్తామని తేదీ ఇచ్చారు. పూర్తి మత్తు ఇచ్చినప్పుడు గొంతులో పైపు వేస్తారన్న సంగతి ఆమెకు ఈమధ్యే తెలిసింది, అదీ నర్సుగా పనిచేసే ఒక బంధువుల అమ్మాయి మాటల్లో. ఆపరేషన్ నుంచి ఇంటికొచ్చి చల్లనీళ్లు తాగినందుకే గొంతు పోయిందని అత్తమ్మ అంటే ఇన్నాళ్లూ నిజమే కాబోలు అనుకున్నారు. "నా గొంతులో పైపు వేసిన సంగతి నాకే ఎందుకు చెప్పలేదు?" అని అడుగుతున్నారు. ఈసారి మత్తు డాక్టర్‌తో మాట్లాడతానంటే, "కడుపుకు ఆపరేషన్ అయితే గొంతు గురించి అడుగుతావా, నవ్వుతారు" అని భర్త వారిస్తున్నారు. నడుముకే మత్తు ఇవ్వమని పట్టుబట్టాలా? దసరా దాటేదాకా ఆగాలా? అతిమధురం నీళ్లు పుక్కిలిస్తే సరిపోతుందా? ఇవీ ప్రశ్నలు. సంతకానికి ముందు రెండు వాక్యాలు చేర్చారు. కొన్నేళ్లుగా మెడ వెనక్కి వంచడం కష్టంగా ఉందని, చిన్నప్పుడు తాగిన బోరునీళ్ల వల్ల పళ్లకు గార పట్టిందని, దీనికి సంబంధం లేకపోయినా రాస్తున్నానని.

అమ్మా,

సంబంధం లేదనుకుంటూ మీరు చివర్లో రాసిన ఆ రెండు వాక్యాలే ఉత్తరం మొత్తంలో నన్ను ఆపాయి. వాటి దగ్గరికి వస్తాను. ముందు మీ కోపం గురించి ఒక మాట.

అది న్యాయమైన కోపం. నేను ముప్పై ఏళ్లు మత్తు డాక్టర్‌గా పనిచేశాను. గొంతులో పైపు వేయడం మాకు రోజూ చేసే పని కాబట్టి, అది రోగికి విడిగా చెప్పవలసిన విషయంగా తోచదు. గుండె, ఊపిరి, రక్తపోటు సరిగ్గా ఉన్నాయా, మనిషి కళ్లు తెరిచి పేరు చెప్పారా, అంతవరకు చూసుకొని తర్వాతి రోగి దగ్గరికి వెళ్లిపోతాం. ఇంటికి వెళ్లాక ఆ మనిషి మూడు వారాలు బోర్డు మీద పద్యాలు రాసి చూపించారన్న సంగతి మాకు చేరదు. చెప్పకపోవడం మా తప్పే. గొంతే పనిముట్టుగా బతికే మనిషికి ముందుగా చెప్పి తీరాలి.

అయితే మీ ఉత్తరంలో కోపంతో పాటు 'ఎవరో అశ్రద్ధ చేశారు' అన్న అనుమానం కూడా ఉంది. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. పైపు వేసి మత్తు ఇచ్చినవారిలో సుమారు ప్రతి ఐదుగురిలో ఇద్దరికి ఎంతోకొంత గొంతునొప్పి వస్తుంది. ఎంత జాగ్రత్తగా చేసినా వస్తుంది. మగవారికన్నా ఆడవారిలో ఎక్కువ. ఎక్కువమందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. మీకు నొప్పి నాలుగు రోజులు, బొంగురు మూడు వారాలు ఉన్నాయి. ఇది మామూలుకన్నా ఎక్కువ. ఎవరి తప్పో తేల్చడం కన్నా ఎందుకు అంతకాలం పట్టిందో తెలుసుకోవడం ఇప్పుడు మీకు పనికొస్తుంది. మూడు వారాల్లో అదే గొంతులోకి మళ్లీ పైపు వెళ్లబోతోంది కదా.

ఆ పైపు ఎందుకో, అది ఏం చేస్తుందో చెబుతాను. పూర్తి మత్తులో ఒంట్లోని కండరాలన్నీ వదులైపోతాయి, ఊపిరి తీసే కండరాలతో సహా. అప్పుడు యంత్రం మన తరఫున ఊపిరి పోయాలి. అలాగే కడుపులోని ఆమ్లం పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారకుండా దారి మూయాలి. ఈ రెండింటికోసం నోటి గుండా, స్వరపేటిక మధ్య నుంచి గాలిగొట్టంలోకి ఒక మెత్తని పైపు పంపిస్తాం. దాన్ని పంపేటప్పుడు తల వెనక్కి వంచి, లోహపు పలక లాంటి సాధనంతో నాలుకను పైకి ఎత్తి, మాట పలికించే స్వరతంత్రులు కనబడేలా చేసుకుంటాం. పైపు చివర చిన్న బెలూన్ ఉంటుంది. లోపలికి వెళ్లాక దానిలో గాలి నింపితే పక్కల నుంచి గాలి పోకుండా అతుక్కుంటుంది.

నొప్పికి కారణాలు ఈ దారి పొడవునా ఉన్నాయి. సాధనం ఒరుసుకోవచ్చు. ఒకసారికి దారి దొరకక రెండు మూడు సార్లు ప్రయత్నించి ఉండవచ్చు. పైపు లావు మీ గొంతుకు ఎక్కువై ఉండవచ్చు. అన్నిటికన్నా నేను ఎక్కువగా అనుమానించేది బెలూన్‌ను. సైకిల్ ట్యూబు వేలితో నొక్కి గాలి సరిపోయిందని చెప్పినట్టే చాలాచోట్ల ఈ బెలూన్‌ను కూడా వేలితో నొక్కి చూసి వదిలేస్తారు. ఆ అంచనా తరచూ తప్పుతుంది. లోపలి ఒత్తిడి నీటి కొలతలో 20 నుంచి 30 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. అంతకు మించితే గాలిగొట్టం లోపలి పొరకు రక్తం సరిగా అందదు. గంటల తరబడి రక్తం అందని పొర పుండవుతుంది. మత్తులో నైట్రస్ ఆక్సైడ్ వాయువు కూడా వాడితే అది మెల్లగా బెలూన్‌లోకి చేరి ఒత్తిడిని ఇంకా పెంచుతుంది. దీన్ని కొలిచే చిన్న మీటరు ఉంది. చేతిలో పట్టేంత పరికరం, ఖరీదైన యంత్రమేమీ కాదు. చివర్లో మెలకువ వచ్చేటప్పుడు పైపు ఇంకా గొంతులో ఉండగానే గట్టిగా దగ్గితే ఆ ఒరిపిడి వేరు.

ఇంతకీ అత్తమ్మ గారు అన్న చల్లనీళ్లకు ఈ లెక్కలో చోటు లేదు. డాక్టర్లు తాగవచ్చని చెప్పాక చల్లనీళ్లు తాగితే గొంతుకు హాని లేదు సరికదా, చాలామందికి హాయిగా ఉంటుంది. నాలుగేళ్లుగా మోస్తున్న ఆ నింద దించేయండి.

ఇప్పుడు మీ మెడ.

మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టి పిలిచే స్థాయిలో ఆ నీళ్లు మన మనుషులను వంచాయి. ఇప్పుడు ఆ ఊళ్లకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి. మీ బాల్యంలో రాలేదు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్లతో ఆగదు. ఎముకలను కలిపి ఉంచే కట్లలో సున్నం పేరుకొని వెన్ను, మెడ బిగుసుకుంటాయి. మీ మెడ అందుకే బిగిసిందని నేను ఇక్కడ కూర్చొని చెప్పలేను. వయసు వల్ల వచ్చే అరుగుదల కావచ్చు, రోజంతా చిన్న పిల్లల నోటుపుస్తకాల మీద వంగి దిద్దడం వల్ల కావచ్చు. కారణం ఏదైనా, మెడ వెనక్కి వంగకపోతే పైపు వేసే దారి సరిగ్గా కనబడదు. అప్పుడు ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుంది, ఎక్కువసార్లు ప్రయత్నించాల్సి వస్తుంది. నాలుగేళ్ల కిందట మీ గొంతుకు జరిగినది ఇదే అయ్యే అవకాశం గట్టిగా ఉంది.

ఇది భయపడాల్సిన సంగతి కాదు. ముందు తెలిస్తే మా దగ్గర దారులున్నాయి. చిన్న కెమెరా బిగించిన సాధనాన్ని వాడితే మెడను అంతగా వంచనక్కరలేకుండానే తెర మీద స్వరతంత్రులు కనిపిస్తాయి. మరీ బిగిసిన మెడ అయితే, సన్నని వంగే కెమెరా మీదుగా పైపును జార్చే పద్ధతి ఉంది. రోగి బల్ల మీద పడుకొని మత్తులోకి జారాక తెలిస్తే మాత్రం మా చేతిలో ఉండేవి కొన్ని నిమిషాలే. అందుకే ఆ రెండు వాక్యాలు చెప్పవలసిన చోటు నాకు రాసిన ఉత్తరం కాదు, మత్తు డాక్టర్ గది.

ఆపరేషన్‌కు ముందు 'ఫిట్‌నెస్' కోసం రమ్మంటారు కదా, ఆ పరీక్ష ఇందుకే. నోరు తెరవమంటారు, నాలుక చాపమంటారు, మెడ వెనక్కి వంచమంటారు. రక్తపరీక్షల కాగితాలు మాత్రమే చూసి పంపేయబోతే మీరే ఆపి చెప్పండి. ఇంకో రెండు పనులు ఆ లోపే చేసుకోండి. పాత ఆసుపత్రికి వెళ్లి నాలుగేళ్ల కిందటి మత్తు రికార్డు నకలు అడగండి. కోపంతో కాకుండా, మళ్లీ ఆపరేషన్ ఉంది, కొత్త డాక్టర్ గారు అడుగుతున్నారని చెప్పండి. పైపు ఎన్నిసార్లకు పడింది, ఎంత సైజు వాడారు అన్నవి అందులో ఉంటే మీ కొత్త డాక్టర్‌కు అంతకన్నా విలువైన కాగితం లేదు. దొరకకపోతే డిశ్చార్జి కాగితమైనా తీసుకెళ్లండి. రెండోది, ఒక ఈఎన్‌టీ డాక్టర్‌కు గొంతు చూపించుకోండి. ముక్కులోంచి సన్నని కెమెరాతో స్వరతంత్రులను చూస్తారు, కొన్ని నిమిషాల పని. మూడు వారాల బొంగురు తర్వాత అక్కడ ఏదైనా మిగిలి ఉంటే ఇప్పుడే తెలియాలి. ఏమీ లేకపోతే ఆ నిశ్చింత కూడా చిన్నది కాదు.

ఇక నడుముకు మత్తు. పైపు ఉండదు కాబట్టి గొంతునొప్పి ప్రశ్నే రాదు, అందుకే అది మీకు బాగా తోచింది. కానీ దానితో పాటు వచ్చేవి చూడండి. లాప్రోస్కోపీలో కడుపును గ్యాస్‌తో ఉబ్బిస్తారు. గర్భసంచి ఆపరేషన్‌కైతే తల కిందికి ఉండేలా బల్లను వంచుతారు. ఆ స్థితిలో నడుము మత్తు మీద మెలకువగా ఊపిరి తీయడం కష్టం, భుజాల్లో నొప్పి వస్తుంది. అందుకే దానికి సాధారణంగా పూర్తి మత్తు, పైపు వాడతారు. నడుము మత్తే కావాలంటే ఆపరేషన్ పద్ధతి మారాలి. యోని మార్గంలో తీయగలిగితే కడుపు మీద కోత ఉండదు, కానీ గడ్డల పరిమాణాన్ని బట్టి అది సాధ్యమో కాదో మీ డాక్టరమ్మే చెప్పాలి. పొట్ట కోసి తీస్తే గాయం పెద్దది, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు, కోలుకోవడానికి ఇంకొన్ని వారాలు. కొన్ని రోజుల గొంతునొప్పిని తప్పించుకోవడానికి అంత మూల్యం చెల్లించాలా అన్నది మీరు తూచుకోవలసిన విషయం. ఇంకొకటి, మీ మెడను బిగించినది ఫ్లోరైడే అయితే నడుము దగ్గర కూడా వెన్నుపూసల మధ్య సూది దూరడం కష్టం కావచ్చు. నడుము మత్తు కుదరక చివరి నిమిషంలో పూర్తి మత్తుకు మారడం, అదీ మెడ సంగతి ఎవరికీ తెలియకుండా మారడం, మీకు ఎదురయ్యే దారుల్లో అన్నిటికన్నా చెడ్డది.

పైపు బదులు గొంతు పైభాగంలోనే ఆగిపోయే మాస్కు లాంటి సాధనం ఒకటి ఉంది. అది స్వరతంత్రుల మధ్యకు వెళ్లదు. దానితో గొంతునొప్పి సుమారు ఐదుగురిలో ఒకరికే. చిన్న ఆపరేషన్లకు చాలా మంచిది. తల కిందికి వంచి, కడుపును గ్యాస్‌తో నింపి చేసే పొడవైన ఆపరేషన్‌కు చాలామంది డాక్టర్లు దాన్ని నమ్ముకోరు. ఆమ్లం పైకి వస్తే అడ్డుకోవడంలో అది పైపుతో సమానం కాదు. మీ డాక్టర్ వద్దంటే కారణం ఇదే, మొండితనం కాదు.

నన్నడిగితే లాప్రోస్కోపీకే వెళ్లి, పైపు వల్ల కలిగే బాధను తగ్గించే పనులన్నీ ముందుగా మాట్లాడుకోవడం మేలనిపిస్తుంది. మత్తు డాక్టర్‌తో ఇలా మొదలుపెట్టవచ్చు: "డాక్టర్ గారూ, పోయినసారి పైపు వేశాక మూడు వారాలు గొంతు పోయింది. నా మెడ వెనక్కి వంగదు. నేను టీచర్‌ను, గొంతే నా పని." ఈ మాటలు విన్న ఏ మత్తు డాక్టరూ నవ్వరు. నిజానికి కుర్చీ దగ్గరికి లాక్కుంటారు. ఆ తర్వాత అడగండి. వీలైనంత సన్నని పైపు వేస్తారా అని. ఆడవారికి లోపలి వ్యాసం 7 మిల్లీమీటర్ల పైపు, అవసరమైతే అంతకన్నా సన్ననిది కూడా సరిపోతుంది. బెలూన్ ఒత్తిడిని మీటరుతో కొలుస్తారా అని. మత్తు ఇచ్చాక నరంలోకి ఇచ్చే డెక్సామెథాసోన్ ఇంజక్షన్ గొంతు వాపును, నొప్పిని తగ్గిస్తుంది, ఆపరేషన్ తర్వాతి వాంతులనూ తగ్గిస్తుంది. షుగర్ ఉంటే అది కొంత పెరుగుతుంది కాబట్టి ఆ సంగతి దాచకండి. బెంజిడమైన్ అనే మందును పుక్కిలించడం, గొంతులో కొట్టడం కూడా కొందరు చేయిస్తారు. మీరు మీ అంతట మీరు 'తిమ్మిరి మందు గొంతులో కొట్టండి' అని మాత్రం అడగకండి. లిగ్నోకైన్ స్ప్రే, జెల్లీ వల్ల నొప్పి తగ్గుతుందని పైకి అనిపిస్తుంది కానీ కొందరిలో అవే గొంతునొప్పిని పెంచుతాయి. పళ్ల సంగతి కూడా చెప్పండి. గార పట్టిన పళ్లు పెళుసుగా ఉండవచ్చు. కదిలే పన్ను ఉంటే ముందే చూపించండి.

అతిమధురం గురించి అడిగారు. ఇది వట్టి వంటింటి మాట కాదు. అతిమధురం కలిపిన నీళ్లను మత్తుకు కొన్ని నిమిషాల ముందు పుక్కిలిస్తే తర్వాతి గొంతునొప్పి, దగ్గు తగ్గుతాయని మన దేశంలోనూ, విదేశాల్లోనూ డాక్టర్లు పరీక్షించి చూశారు. ఆ పరీక్షల్లో పుక్కిలించి ఉమ్మేశారు, మింగలేదు. రోజూ నమిలి మింగితే అతిమధురం రక్తపోటు పెంచుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. ఆపరేషన్ ముందు ఆ రెండూ వద్దు. కాబట్టి మత్తు డాక్టర్‌కు చెప్పి, వారు సరేనంటేనే, వారు చెప్పిన సమయానికే చేయండి. ఆపరేషన్ రోజు తెల్లవారుజామున గొంతుకు మంచిదని ఎంత ప్రేమగా మిరియాల పాలు ఇచ్చినా తాగవద్దు. అత్తమ్మ గారికి ముందురోజే నచ్చజెప్పండి. పాలు ఆహారం లెక్కలోకే వస్తాయి, ఆరు గంటల ముందు ఆపేయాలి. వేపుళ్లు, నూనె వంటలకు ఎనిమిది గంటలు. తేటనీళ్లు మాత్రం రెండు గంటల ముందువరకు తాగవచ్చని చాలా ఆసుపత్రుల్లో ఒప్పుకుంటారు. రాత్రి పన్నెండు నుంచి చుక్క నీళ్లు లేకుండా ఎండిపోయిన గొంతుకు పైపు మరింత ఒరుసుకుంటుంది, అందుకే ఇది కూడా అడగండి. ఆపరేషన్‌కు ముందు రెండు వారాల్లో జలుబు, దగ్గు వస్తే తేదీ దగ్గరపడిందని మొహమాటపడకుండా ఫోను చేయండి.

ఆపరేషన్ తర్వాత గొంతు మండితే నర్సమ్మకు చెప్పండి, నోరు మూసుకొని ఓర్చుకోకండి. తాగవచ్చన్నాక గుక్కగుక్కగా నీళ్లు, ఉప్పునీళ్లు పుక్కిలించడం, చప్పరించే బిళ్లలు, ఎలాగూ ఇచ్చే పారాసెటమాల్, ఇవి చాలు. గొంతు సవరించుకోవడం, గుసగుసగా మాట్లాడటం రెండూ మానేయండి. గుసగుస విశ్రాంతి అనుకుంటాం కానీ గొంతుకు అదీ శ్రమే. మెల్లగా, మామూలు గొంతుతో, తక్కువగా మాట్లాడండి. ఊపిరి తీసేటప్పుడు చప్పుడు వచ్చినా, ఆయాసమైనా, రక్తం పడినా, మెడ వాచి నొప్పితో జ్వరం వచ్చినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి. ఇవి అరుదు. బొంగురు మాత్రం వారం దాటితే ఈసారి మూడు వారాలు ఎదురు చూడకుండా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మీ వారి గురించి. ఆయన మాటలో నాకు వెటకారం కన్నా భయమే ఎక్కువ వినిపించింది. డాక్టర్లకు కోపం తెప్పిస్తే మిమ్మల్ని సరిగ్గా చూడరేమోనన్న భయం మన వైపు చాలా ఇళ్లలో ఉంది. ఆయనతో వాదించకండి, ఫిట్‌నెస్ రోజు వెంట తీసుకెళ్లండి. పాత రికార్డు తెచ్చే పని ఆయనకే అప్పగించండి. మీరు ఇబ్బందిపడి మరిచిపోతే మెడ సంగతి చెప్పే బాధ్యత కూడా ఆయనదే.

దసరా దాటేదాకా ఆగడం విషయంలో మాత్రం నా మొగ్గు ఒకవైపే ఉంది. 8.5 హిమోగ్లోబిన్‌తో ప్రతి నెలా రక్తం పోగొట్టుకుంటూ పోతే, దసరా తర్వాత ఇంకా తక్కువ రక్తంతో అదే బల్ల మీదికి వెళ్తారు. వాయిదాకు ఒక మంచి కారణం ఉండవచ్చు. ఐరన్ ఎక్కించి హిమోగ్లోబిన్ పెంచాక చేద్దామని మీ డాక్టరమ్మే అంటే అది వినండి. మెడకు, గొంతుకు పరీక్షలు పూర్తిచేయడానికి వారం పది రోజులు కావాలన్నా అడగండి, ఇస్తారు. పాట కోసమే ఆగాలనిపిస్తే మీ డాక్టరమ్మతో ఆ మాటే సూటిగా చెప్పి, రక్తం తగ్గకుండా అన్నాళ్లు మందులతో ఆపగలరా అని అడగండి. దాచి, వేరే సాకు చెప్పి ఆగవద్దు.

ఇప్పుడిచ్చిన తేదీకే ఆపరేషన్ అయితే, బతుకమ్మ నాటికి మీరు బరువులెత్తకూడని రోజుల్లోనే ఉంటారు. ఎంగిలిపూల నాడు కుర్చీ వేసుకొని కూర్చోండి. ఆడబిడ్డను పాట ఎత్తనిచ్చి, మీరు వెనకాల 'ఉయ్యాలో' అందుకోండి, అదీ మెల్లగా. గొంతు పట్టు చిక్కిందనిపిస్తే తొమ్మిదో నాడు, సద్దుల బతుకమ్మకు, ఒక్క పాట మీరు ఎత్తండి. గొంతు బొంగురుపోతే అక్కడే ఆపి ఆమెకు అందించండి. ఈ మాట ఆమెతో ఇప్పుడే చెప్పి ఉంచండి.